పాటల బొమ్మతో పసిబిడ్డకు నిద్ర అలవాటు చేయడం: ఎంపిక నుంచి మాన్పించడం దాకా

పొట్ట నొక్కితే పాడే కుందేలు, తాడు లాగితే మోగే ఏనుగు, ఊపిరి పీలుస్తున్నట్టు ఛాతీ కదిలించే ఎలుగుబంటి. పసిబిడ్డ ఉన్న ఇంటికి వచ్చే కానుకల్లో ఇలాంటి మెత్తటి పాటల బొమ్మ ఒకటైనా ఉంటుంది. నిద్రలేని రాత్రులతో అలసిపోయిన తల్లిదండ్రులకు దాన్ని చూడగానే ఆశ పుడుతుంది. సరిగ్గా వాడితే అది నిజంగానే సాయం చేస్తుంది కూడా. అయితే అది ఎలాంటి సాయమో ముందే తెలుసుకోవాలి. బొమ్మలోని పాట మత్తుమందులా పనిచేయదు. రోజూ ఒకే వేళకు, ఒకే పనుల తర్వాత అదే పాట వినిపిస్తుంటే బిడ్డ మెదడు ఆ పాటకూ నిద్రకూ ముడి వేసుకుంటుంది. ఆ ముడి బిగిసేదాకా పెద్దవాళ్లకు ఓపిక కావాలి. దాన్ని ఎలా వేయాలి, ఈలోగా బిడ్డకు ఏ అపాయమూ రాకుండా ఎలా చూసుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక నియమం

బిడ్డకు ఏడాది నిండేదాకా ఆ బొమ్మ బిడ్డ పడుకునే తొట్టిలో ఉండకూడదు. మిగతా విషయాల్లో ఇంటిని బట్టి, బిడ్డను బట్టి మార్చుకోవచ్చు కానీ దీనిలో మాత్రం మార్పు లేదు.

కారణం చాలా సూటిగా ఉంటుంది. నెలల బిడ్డ ముక్కుకో నోటికో మెత్తటి వస్తువు అడ్డుపడితే దాన్ని పక్కకు తోసేసే నేర్పు ఆ చేతులకు ఇంకా రాలేదు. తల తిప్పుకునే బలమూ తక్కువే. వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తూ ఉండిపోయే ప్రమాదం ఉంది, అదీ ఏ చప్పుడూ లేకుండా. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సురక్షిత నిద్ర సూచనల్లోనూ ఇదే ఉంది: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, తొట్టిలో దిండ్లు, వదులు దుప్పట్లు, మెత్తటి బొమ్మలు ఉండకూడదు. బరువు నింపిన దుప్పట్లు, నిద్ర సంచుల వంటివి కూడా వద్దని ఆ సూచనలు చెబుతున్నాయి. కాబట్టి "అమ్మ చేయి వేసినట్టు ఉంటుంది" అంటూ లోపల గింజలో పూసలో నింపి బరువుగా చేసిన బొమ్మలను పసిబిడ్డ ఒంటి మీద పెట్టకండి.

అట్టపెట్టె మీద బొమ్మను కావలించుకుని నిద్రపోతున్న పాపాయి ఫొటో ఉండొచ్చు. ఆ ఫొటోను చూసి వాడే పద్ధతి నేర్చుకోవద్దు. "నేను పక్కనే ఉన్నాగా, కాసేపే కదా" అని కూడా వద్దు. అర్ధరాత్రి పక్కనే ఉన్న పెద్దవాళ్లకు కూడా కునుకు పడుతుంది.

మరి తొట్టిలో లేని బొమ్మ వల్ల ఉపయోగం ఏమిటని అనిపించవచ్చు. మొదటి ఏడాది బిడ్డకు కావలసింది ఆ బొమ్మ గొంతు మాత్రమే. దాని మెత్తదనంతో పని తర్వాత వస్తుంది.

శబ్దం బిడ్డను ఎందుకు నెమ్మదింపజేస్తుంది

కడుపులో ఉన్న బిడ్డ నిశ్శబ్దంలో పెరగదు. తల్లి గుండె చప్పుడు, రక్తం పారే హోరు, పేగుల కదలిక, బయటి మాటల గొణుగుడు, ఇవన్నీ గర్భంలో చివరి నెలల్లో బిడ్డకు వినిపిస్తూనే ఉంటాయి. పుట్టాక ఒక్కసారిగా నిశ్శబ్దమైన గదిలో పడుకోబెడితే చిన్న తలుపు చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుంది. సన్నగా, ఎడతెగకుండా వినిపించే ధ్వని ఆ చిన్న చప్పుళ్లను కప్పేస్తుంది.

దీని మీద పాత పరిశోధన ఒకటి ఉంది. 1990లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో పుట్టిన వారంలోపు బిడ్డలు 40 మందిని సగానికి సగం రెండు గుంపులుగా చేశారు. వైట్ నాయిస్, అంటే జల్లు స్నానం నీటి హోరు లాంటి ధ్వని విన్న 20 మందిలో 16 మంది 5 నిమిషాల్లో నిద్రపోయారు. ఏమీ వినని 20 మందిలో 5 మందే నిద్రపోయారు. పాట సంగతికొస్తే, 2020లో హార్వర్డ్ పరిశోధకులు 144 మంది పసిపిల్లలకు వాళ్లు ఎన్నడూ వినని భాషల్లోని పాటలు వినిపించి చూశారు. మామూలు పాటల కంటే జోలపాటలు విన్నప్పుడు పిల్లల గుండె వేగం ఎక్కువ తగ్గింది. అంటే అర్థం తెలియకపోయినా, గొంతు తెలియకపోయినా, జోలపాట నడకలోనే బిడ్డను శాంతపరిచే గుణం ఏదో ఉంది. నెమ్మదైన లయ, పెద్దగా ఎక్కీ దిగీ పోని స్వరాలు, తిరిగి తిరిగి వచ్చే అదే వరుస. బొమ్మను ఎంచుకునేటప్పుడు ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. పెద్దవాళ్ల నిద్రలో ఒక ఆవృత్తి, అంటే పలచటి నిద్ర నుంచి గాఢ నిద్రకు వెళ్లి తిరిగి వచ్చే ఒక చుట్టు, సుమారు 90 నిమిషాలు. పసిబిడ్డకు 50 నుంచి 60 నిమిషాలే. ఒక ఆవృత్తి అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట నిద్ర పలచబడుతుంది, బిడ్డ కదులుతుంది, మూలుగుతుంది, ఒక్కోసారి కళ్లు తెరుస్తుంది. ఇది జబ్బు కాదు, నిద్ర నడిచే తీరే అంత. పాటల బొమ్మ విషయంలో వచ్చే చిక్కుల్లో చాలా వరకు ఈ సందులోనే పుడతాయి.

మొదటి అడుగు: మొదలుపెట్టే వయసు

పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. కానీ ముక్కలు ముక్కలుగా, పగలూ రాత్రీ తేడా లేకుండా. ఆ మొదటి వారాల్లో ఏ అలవాటూ నేర్పనక్కర్లేదు. ఆకలేస్తే పాలు, తడిస్తే బట్ట మార్పు, ఏడిస్తే ఎత్తుకోవడం, అంతే. ఆ వయసులో పాటో హోరో పెడితే అప్పటికప్పుడు ఊరట దొరకవచ్చు, దాన్ని అలవాటుగా లెక్కపెట్టకండి.

రెండో నెల నుంచి నాలుగో నెల లోపు బిడ్డ ఒంట్లోని గడియారం కుదురుకుంటుంది. పగటికీ రాత్రికీ తేడా తెలుస్తుంది. క్రమం తప్పని నిద్ర పద్ధతి మొదలుపెట్టడానికి అది మంచి సమయం. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టరు చెప్పిన ప్రసవ తేదీ నుంచి లెక్క వేసుకోండి. ఆరేడు నెలల బిడ్డతో మొదలుపెట్టినా ఆలస్యమైపోయినట్టు కాదు.

రెండో అడుగు: బొమ్మను ఎంచుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువ సమయం పెట్టండి. రంగు, ముఖం బిడ్డ కంటే మనకే ముఖ్యం. బిడ్డకు ముఖ్యమైనవి లోపల ఉంటాయి.

పాటల బొమ్మల్లో ప్రధానంగా రెండు రకాలు. తాడు లాగితేనో కీ తిప్పితేనో మోగేవి ఒకటి. వీటి లోపల చిన్న లోహపు స్తంభం ఉంటుంది, దాని మీది ముళ్లు ఉక్కు దువ్వెన పళ్లను మీటుతూ తిరుగుతాయి. ఈ పద్ధతి 1796లో జెనీవాలో ఒక గడియారాల తయారీదారు చేతిలో మొదలైంది, ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. సెల్స్ అక్కర్లేదు, ధ్వని మెత్తగా ఉంటుంది, స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ పాట దానంతటదే నెమ్మదించి ఆగిపోతుంది. నిద్రకు అంతకంటే అందమైన ముగింపు ఉండదు, అందుకే నాకు ఈ రకం అంటే ఇష్టం. దీనిలో రెండు లోపాలు. పాట కొద్ది నిమిషాలే వస్తుంది, వాల్యూమ్ తగ్గించే వీలు ఉండదు. మూడో విషయం తాడు. పూర్తిగా లాగినప్పుడు జానెడు దాటే తాడున్న బొమ్మ వద్దు. పొట్టిదైనా సరే, బిడ్డ చేతికి అందే చోట వేలాడదీయకూడదు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

రెండో రకం సెల్స్‌తోనో చార్జింగుతోనో నడిచేవి. వీటిలో పాటలు, వైట్ నాయిస్, గుండె చప్పుడు, వాన చప్పుడు అన్నీ ఉంటాయి. కొనేటప్పుడు ముందుగా వాల్యూమ్ చూడండి. కనీసం మూడు నాలుగు స్థాయిలు ఉండాలి, అన్నిటికన్నా తక్కువ స్థాయి నిజంగా తక్కువగా ఉండాలి. చాలా బొమ్మల్లో "తక్కువ" అన్నదే గదంతా వినపడుతుంది. తర్వాత టైమర్. 20 లేదా 30 నిమిషాలకు ఆగేలా పెట్టుకునే వీలుండాలి. టక్కున ఆగేవాటి కంటే చివరి నిమిషంలో ధ్వని క్రమంగా తగ్గేవి మేలు. పాట మారినప్పుడు "టింగ్" అని కొట్టేవి, ఆన్ చేయగానే పెద్దగా పలకరించేవి పక్కన పెట్టేయండి. జోగుతున్న బిడ్డను లేపడానికి ఆ ఒక్క చప్పుడు చాలు.

నలభై పాటలు ఉన్నాయని మురిసిపోవద్దు. మనకు కావలసింది ఒక పాట, ఒక హోరు. తిరిగి తిరిగి అదే వినిపించాలి కాబట్టి పాటల సంఖ్య వల్ల ఒరిగేదేమీ లేదు. రంగు రంగుల లైట్లు పైకప్పు మీద తిరిగే బొమ్మలు చూడ్డానికి బాగుంటాయి కానీ అవి ఆటకు పనికొస్తాయి. లైటు తప్పదనుకుంటే మసక ఎరుపో నారింజో ఉన్నది, ఆపేసే వీలున్నది చూడండి. నీలం, తెలుపు కాంతి మెదడుకు పగలనే కబురు పంపుతుంది.

పాట వచ్చే డబ్బా బొమ్మ లోపలి నుంచి బయటికి తీయగలిగేలా ఉంటే బొమ్మను ఉతకడం తేలిక. ఆ డబ్బాను విడిగా దూరాన పెట్టి పాట వినిపించవచ్చు కూడా. జిప్పో వెల్క్రోనో ఉంటే అది పెద్దవాళ్ల వేళ్లకే తెరుచుకునేంత బిగువుగా ఉండాలి.

బిడ్డ ఏడిస్తే దానంతటదే మోగే సెన్సర్ ఉన్నవి కూడా దొరుకుతాయి. కొన్ని ఇళ్లల్లో బాగా ఉపయోగపడతాయి. కానీ సెన్సర్‌ను ఆపేసే మీట తప్పనిసరిగా ఉండాలి. ఆకలితో ఏడ్చే బిడ్డకు పాట వినిపించి ప్రయోజనం లేదు. పైగా తలుపు చప్పుడుకో దగ్గుకో మోగితే నిద్రపోతున్న బిడ్డ లేచి కూర్చుంటుంది.

ఫోను యాప్‌తో, ఇంటర్నెట్‌తో నడిచే బొమ్మల గురించి ఒక మాట. తల్లిదండ్రులు గొంతు రికార్డు చేసి పంపితే వినిపించే క్లౌడ్‌పెట్స్ అనే మెత్తటి బొమ్మలు ఉండేవి. వాటి సమాచారం దాచిన చోట సరైన తాళం లేక కుటుంబాల వాయిస్ సందేశాలు లక్షల్లో బయటి వాళ్లకు అందుబాటులోకి వచ్చాయని 2017లో బయటపడింది. జోలపాట వినిపించడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మైకు, యాప్ లేని బొమ్మే కొనండి. మీ గొంతు వినిపించాలనుంటే బొమ్మలోనే రికార్డయ్యేవి ఉన్నాయి.

ఇక సెల్స్. ఈ ఒక్క పేరా తప్పకుండా చదవండి. బొమ్మలో నాణెంలాంటి గుండ్రటి లిథియం బటన్ సెల్ ఉంటే దాని అర మూత స్క్రూతో బిగించి ఉండాలి. గోటితో తెరుచుకునే మూత ఉన్న బొమ్మను ఇంట్లోకే తేవద్దు. బిడ్డ ఆ సెల్ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. అయిపోయిన సెల్ అయినా అంతే, దానిలో మిగిలిన విద్యుత్తు చాలు. మింగిందన్న అనుమానం వచ్చినా, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుందనిపించినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. పాత సెల్ తీసిన వెంటనే రెండు వైపులా టేపు చుట్టి బిడ్డకు అందని చోట పారేయండి. వీలైతే పెన్ను సెల్స్‌తో నడిచే బొమ్మ తీసుకోండి, వాటి అరకూ స్క్రూ ఉందో లేదో చూసుకుని.

మూడో అడుగు: బిడ్డకు వినిపించే ముందు మీ పరీక్ష

కళ్లు, ముక్కు దారంతో కుట్టినవై ఉంటే మంచిది. గుండీలు, పూసలు అతికించినవైతే గట్టిగా లాగి చూడండి. కుట్ల దగ్గర రెండు చేతులతో సాగదీయండి, దూది బయటికొస్తే దుకాణానికి తిరిగిచ్చేయండి. చిన్న భాగం ఏదైనా ఊడొస్తుందేమోనని అనుమానముంటే టాయిలెట్ పేపర్ చుట్టకు మధ్యలో ఉండే అట్ట గొట్టం తీసుకోండి. దానిలోంచి దూరిపోయేది ఏదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడగలదు.

ఆ తర్వాత శబ్దం. బొమ్మను తర్వాతి అడుగులో చెప్పే చోట పెట్టి, మీ చెవిని బిడ్డ తల ఉండే చోట ఆనించి వినండి. మీకు మామూలుగా అనిపించినా నమ్మకండి, బిడ్డ చెవి రంధ్రం చిన్నది కాబట్టి అదే శబ్దం లోపల ఎక్కువ ఒత్తిడితో చేరుతుంది. ఫోనులో డెసిబెల్ కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ తయారుచేసినది ఐఫోన్‌కు దొరుకుతుంది. మిగతావి అంత కచ్చితంగా ఉండకపోయినా ఉజ్జాయింపుకు పనికొస్తాయి. ఆసుపత్రుల్లో నవజాత శిశువుల గదికి పెట్టిన పరిమితి 50 డెసిబెల్స్. బిడ్డ తల దగ్గర కొలిచినప్పుడు అంతకు మించకూడదు. పక్కన కూర్చుని ఇద్దరు మాట్లాడుకుంటే సుమారు 60 వస్తుంది, అంటే పాట మీ మాట కంటే మెల్లగా ఉండాలి.

నాలుగో అడుగు: బొమ్మ ఉండాల్సిన చోటు

2014లో టొరంటో పరిశోధకులు పసిపిల్లల నిద్ర కోసం అమ్మే 14 శబ్ద యంత్రాలను పూర్తి వాల్యూమ్‌లో పెట్టి కొలిచారు. 30 సెంటీమీటర్ల దూరంలో అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి, మూడు యంత్రాలైతే 85 కూడా దాటాయి. 85 అంటే కర్మాగారాల్లో పెద్దవాళ్ల చెవులను కాపాడాల్సి వచ్చే స్థాయి. అందుకే వాళ్లు మూడు సూచనలు చేశారు: యంత్రాన్ని వీలైనంత దూరంగా పెట్టాలి, పూర్తి వాల్యూమ్ ఎప్పుడూ వాడకూడదు, వాడే సమయం తగ్గించాలి.

దూరం ఎంత మేలు చేస్తుందో లెక్క వేసి చూడండి. దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తొట్టి అంచున, బిడ్డ తలకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బొమ్మను రెండు మీటర్ల అవతలికి జరిపితే దాదాపు 16 డెసిబెల్స్ తగ్గినట్టే. గోడలున్న గదిలో ఆ తగ్గుదల కొంచెం తక్కువే ఉంటుంది, అయినా చాలా తేడా. కాబట్టి గదిలో తొట్టికి ఎదురుగా, రెండు మీటర్లకు తగ్గకుండా ఏదైనా అల్మారా మీద కూర్చోబెట్టండి. కిటికీ వైపు నుంచి వీధి చప్పుడు వస్తుంటే బొమ్మను కిటికీకీ తొట్టికీ మధ్యలో పెడితే తక్కువ వాల్యూమ్‌తోనే ఆ చప్పుడు కప్పుకుపోతుంది. తొట్టి కటకటాలకు కట్టే పట్టీలు బొమ్మతో వచ్చినా వాటిని పక్కన పడేయండి. బిడ్డ కూర్చోవడం, పట్టుకుని లేవడం మొదలుపెట్టాక ఆ పట్టీ, ఆ బొమ్మ రెండూ చేతికందుతాయి.

ఐదో అడుగు: ప్రతి రాత్రీ అదే వరుస

బొమ్మ కొనడం సగం పని కూడా కాదు, అసలు పని ఇదే.

నిద్రకు ముందు అరగంట మూడు నాలుగు పనులు ఎంచుకోండి. స్నానమో తడిగుడ్డతో తుడవడమో, బట్టలు మార్చడం, పాలు, లైటు తగ్గించడం. ఏవైనా సరే, వరుస మాత్రం మారకూడదు. వరుసలో చివరి పని బొమ్మ పాట. స్నానం దగ్గరే పాట మొదలుపెడితే అది నిద్రకు గుర్తు కాకుండా ఇంట్లో మోగే చప్పుళ్లలో ఒకటైపోతుంది. లైటు తగ్గించి, బిడ్డను భుజాన వేసుకుని, అప్పుడు పాట పెట్టండి. మొదట్లో ఆ పాటతో పాటు మీరూ సన్నగా కూనిరాగం తీయండి. బిడ్డకు మీ గొంతు ముందే తెలుసు, దాని పక్కన చేరిన పాట త్వరగా దగ్గరవుతుంది.

పాట పెట్టే సమయం బిడ్డే చెబుతుంది. చూపు ఒకచోట నిలిచిపోవడం, ఆవులింత, కళ్లు నులుముకోవడం, చెవులు లాక్కోవడం కనబడగానే మొదలుపెట్టాలి. గుక్కపెట్టి ఏడ్చేదాకా ఆగితే అప్పటికే బిడ్డ అలసట హద్దు దాటిపోయి ఉంటుంది. ఆ స్థితిలో ఏ పాటా చెవికెక్కదు. అలాంటప్పుడు బొమ్మను ఆపేసి, ఎత్తుకుని, జోకొట్టి, శాంతించాకే మళ్లీ పాట పెట్టండి. ఏడుపు మీద పాట వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

పూర్తిగా నిద్రపోకముందే, మగతగా ఉన్నప్పుడే బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టండి. మొదట్లో చాలామంది పిల్లలు ఒప్పుకోరు. మూడు రోజులు కుదరకపోతే నాలుగో రోజు ఒడిలోనే పడుకోనివ్వండి, మరుసటి వారం మళ్లీ ప్రయత్నించండి. ఛాతీ మీద చేయి ఉంచి, పాట సగమయ్యాక చేయి తీసి, పాట ఆగేలోపు మీరు కాస్త వెనక్కి జరగండి. ఇలా ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోతే చివరికి పాట ఒక్కటే మిగులుతుంది. కొంతమంది పిల్లలు వారంలో అలవాటు పడతారు, కొంతమందికి నెల కూడా పడుతుంది. పక్కింటి బిడ్డతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు, ఒక్కో బిడ్డ తీరు ఒక్కో రకం.

పగటి కునుకులకూ అదే పాట వాడవచ్చు, వరుసను కుదించుకుని. మెలకువగా ఆడుకునే వేళ మాత్రం ఆ పాట మోగకూడదు. ఇంటికొచ్చిన చుట్టాలు బొమ్మను చూసి ముచ్చటపడి మీట నొక్కుతుంటే సున్నితంగా వారించండి. ఆటకు వేరే బొమ్మలు బోలెడు ఉంటాయి.

బిడ్డను చూసుకునే బాధ్యత తాతయ్య, అమ్మమ్మ, ఆయా ఇలా నలుగురి మధ్య ఉంటే వరుసను ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపుకు అంటించండి. ఎవరు పడుకోబెట్టినా అదే జరిగితే బిడ్డకు ఎవరి దగ్గరైనా నిద్ర పడుతుంది. తల్లికి ఒక రాత్రి తెరిపి దొరకడం కూడా మామూలు విషయం కాదు.

ఆరో అడుగు: నడిరాత్రి లేచినప్పుడు

బిడ్డ కదిలిన ప్రతిసారీ పరుగెత్తి మీట నొక్కకండి. ముందు ఒకటి రెండు నిమిషాలు వినండి. ఇందాక చెప్పిన ఆవృత్తుల మధ్య సందు అయితే మూలిగి, చేతులాడించి తనే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. ఆ సమయంలో పాట పెడితే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టవుతుంది. ఏడుపు నిజమైతే ముందు కారణం చూడండి: ఆకలి, తడి, చలి, ఉక్క, జ్వరం. వాటిలో ఏదీ లేదని తేలాక పాట.

30 నిమిషాల టైమరుతో నిద్రపోయిన బిడ్డ గంటకోసారి లేచి పాట కోసం ఏడుస్తుంటే, పాట లేకుండా మళ్లీ నిద్రపోవడం దానికి ఇంకా రాలేదన్నమాట. ఇలాంటప్పుడు పాట బదులు తక్కువ స్థాయి హోరును వాడి చూడవచ్చు. పాట ఆగితే తేడా తెలుస్తుంది, సన్నగా తగ్గిపోయే హోరు ఆగినా అంతగా తెలియదు. రాత్రంతా శబ్దం మోగనివ్వాలా వద్దా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. నా మాట అయితే వద్దనే. పెరిగే చెవులకు, మెదడుకు నిశ్శబ్దం కూడా కావాలి, మామూలు ఇంటి చప్పుళ్లూ వినాలి. నిద్ర పట్టాక ఆగిపోయే శబ్దమే మంచిది.

ఎనిమిదో నెల చుట్టుపక్కల హాయిగా పడుకునే బిడ్డ కూడా ఒక్కసారిగా లేచి ఏడవడం మొదలుపెడుతుంది. అమ్మ కనిపించకపోయినా ఎక్కడో ఉందని తెలిసే వయసు అది, అందుకే వెతుక్కుంటుంది. బొమ్మ పాడైపోయిందని, కొత్తది కొనాలని అనుకోకండి. అదే పాట, అదే వరుస కొనసాగించండి, కొన్ని వారాలు మీరు ఇంకాస్త దగ్గరగా కూర్చోండి. పళ్లు వచ్చేటప్పుడు, జలుబు చేసినప్పుడు కూడా ఇంతే.

ప్రయాణాల్లో బొమ్మ చాలా మేలు చేస్తుంది. గది కొత్తది, పక్క కొత్తది, పాట మాత్రం పాతదే. కారు సీటులో బిడ్డ చెవి పక్కన పెట్టకండి, ముందు సీటు వెనుక నుంచి వినిపిస్తే చాలు.

ఒక విషయం గమనిస్తూ ఉండండి. పాటకే కాదు, పెద్ద చప్పుడుకు కూడా బిడ్డ ఉలిక్కిపడకపోతే, మూడు నాలుగు నెలలకు మీ గొంతు వైపు చూడకపోతే వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, లోపముందనిపిస్తే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని వైద్యులు చెబుతారు. నిద్రలో గట్టిగా గురక పెట్టినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా అది పాటతో తీరే సమస్య కాదు, పిల్లల డాక్టరుకు చూపించండి.

ఏడో అడుగు: శుభ్రం

అల్మారా మీద కూర్చున్న బొమ్మకు దుమ్ము పడుతుంది. రెండు వారాలకోసారి పాటల డబ్బా తీసి, లేబుల్ మీద అనుమతి ఉంటే 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. దుమ్ము పురుగులు ఆ వేడికి చస్తాయి. వేడి తట్టుకోని బట్ట అయితే మూటగట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాత మామూలు నీళ్లలో ఉతకండి. లోపలి దూది పూర్తిగా ఆరాకే డబ్బా పెట్టాలి, తడి ఉంటే బూజు పడుతుంది. డబ్బా తీయడం కుదరని బొమ్మను తడిగుడ్డతో పైపైన తుడవడం తప్ప దారి లేదు.

ఏడాది దాటాక

ఇప్పుడు బొమ్మ తొట్టిలోకి రావచ్చు, చిన్నదై, తేలికైనదై, ఊడే భాగాలు, తాడు లేనిదైతే. పాటల డబ్బాను మాత్రం తీసేసి పాత చోటే ఉంచండి. బిడ్డ బొమ్మను చెవికి ఆనించుకుని పడుకుంటే రెండు మీటర్ల దూరం కాస్తా శూన్యమైపోతుంది. తొట్టి అంచు దాటడానికి మెట్టులా ఎక్కేంత పెద్ద బొమ్మ కూడా వద్దు.

ఈ వయసులో బిడ్డ ఆ బొమ్మను చంకనేసుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టవచ్చు. బ్రిటిష్ పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1950లలో దీని గురించి రాశారు. తల్లి పక్కన లేనప్పుడు తనను తాను ఓదార్చుకోవడానికి బిడ్డ ఒక దుప్పటి ముక్కనో బొమ్మనో ఎంచుకుంటుందని, అది ఎదుగుదలలో ఆరోగ్యకరమైన దశ అని ఆయన చెప్పారు. కాబట్టి "ఇంత పెద్దయ్యాక ఇంకా బొమ్మా" అని బిడ్డను చిన్నబుచ్చకండి. వీలైతే అలాంటిదే ఇంకో బొమ్మ కొని వారం వారం మార్చి వాడండి. ఒకటి పోయినా, ఉతుకులో ఉన్నా రెండోది అదే వాసనతో, అంతే మెత్తగా చేతికొస్తుంది.

పాటను మాన్పించడం

తొందరేమీ లేదు. బిడ్డ పాట పూర్తవకముందే నిద్రపోతోందంటే తగ్గించే సమయం వచ్చినట్టే. మొదట వాల్యూమ్ ఒక స్థాయి తగ్గించండి. వారం తర్వాత టైమరు 30 నుంచి 20కి, తర్వాత 10కి. కీ తిప్పే బొమ్మ అయితే సగమే తిప్పండి. మధ్యలో జబ్బు చేసినా, ఇల్లు మారినా, తమ్ముడో చెల్లో పుట్టినా ఆపి, అంతా కుదురుకున్నాక మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి. రెండేళ్లు దాటిన పిల్లలకైతే మీట నొక్కే పని వాళ్లకే అప్పగించండి. ఒక రాత్రి మరిచిపోయి పడుకుంటారు, తర్వాత రెండు రాత్రులు, అలా.

పాట అవసరం తీరాక డబ్బాలోంచి సెల్స్ తీసేసి స్క్రూ మళ్లీ బిగించండి. లోపలే వదిలేస్తే కారి తుప్పుపడతాయి. బొమ్మను ఇంకో ఇంటి పసిబిడ్డకు ఇస్తుంటే కుట్లు, కళ్లు మరోసారి లాగి చూడండి. ఏడాదిలోపు బిడ్డ తొట్టిలో దీన్ని పెట్టకూడదని ఆ ఇంటివాళ్లకు నోటితో చెప్పి మరీ ఇవ్వండి, అట్టపెట్టె మీది హెచ్చరిక అప్పటికి మీ దగ్గర ఉండదు.